చిన్న వేషములు, పెద్ద చిత్రములు



తెలుగు చలనచిత్రములను గూర్చి నలుగురు కూర్చుండి మాటాడుకొను చోట, పాతవి గొప్పవా, క్రొత్తవి గొప్పవా యను వాదము తప్పక పుట్టుచుండును. పుట్టిన పిమ్మట అది ఒక పట్టాన తెగదు. పెద్దలు ‘మాయాబజార్’ పేరు చెప్పుదురు, పిన్నలు ‘బాహుబలి’ పేరు చెప్పుదురు, నడివయసువారు ‘శంకరాభరణము’ను తలచుకొందురు; ఎవరి యౌవనమున వచ్చిన చిత్రములు వారికి గొప్పవై తోచుట సహజమే. చిన్ననాటినుండి సినిమాలు చూచుట యందును, చూచినదానిని గూర్చి తోడివారితో తర్కించుట యందును అమితమైన ప్రీతి గలవాడనగుటచే, ఈ వాదమును మరియొక తావున నిలిపి చూడవలెనని నాకు చిరకాలముగ కోరిక యున్నది. ఆ చిత్రము ఏ సంవత్సరమున వచ్చినదని గాక, అందులో చిన్న వేషము కట్టిన మనిషికి ఏపాటి జీవితము దక్కినదని అడిగి చూడుడు. కథానాయకుడు తెరమీద లేని వేళ ఆ చిత్రము బ్రతికియే యుండునా, లేక ఆయన రాకకై ఊపిరి బిగబట్టి ఎదురుచూచుచుండునా? ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించినచో పాత క్రొత్తల నడుమ మనము గీచుకొన్న గీత చెరిగిపోయి, వేరొక గీత కనబడును.

1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన విడుదలయిన ‘మాయాబజార్’ను మొదట తీసికొందును. శశిరేఖాపరిణయ కథ ఆంధ్రదేశమున నాటకముగ ఏనాడో ప్రసిద్ధి కెక్కినది. దానిని తెరకెక్కించుటలో దర్శకులు కె.వి. రెడ్డిగారును, రచయిత పింగళి నాగేంద్రరావుగారును చేసిన సాహసము సామాన్యమైనది కాదు. భారతకథకు నాయకులైన పాండవులలో ఒక్కరైనను ఆ చిత్రమున కంటికి కనబడరు. వారి కష్టములు వారిని నమ్ముకొన్న సుభద్రాభిమన్యుల ముఖములయందు మాత్రమే మనకు గోచరించును. అంతటి మహావీరులను తెరవెనుక నిలిపి, అట్లు మిగిలిన తావును ఆ రచయితయు ఆ దర్శకుడును ఎవరికిచ్చిరి? రమణారెడ్డిగారు ధరించిన చిన్నమయకు ఇచ్చిరి. ఆతని శిష్యులగు లంబు జంబులకు ఇచ్చిరి. కన్నకూతురు మనసు నెరిగియు సంపదవైపు మొగ్గిన రేవతీదేవి వేషమున ఛాయాదేవిగారికి ఇచ్చిరి. అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్యగారలు ధరించిన పురోహితులకు ఇచ్చిరి. మగపెండ్లివారి పక్షమున వచ్చి, ప్రతి ఏర్పాటుకును వంక పెట్టుచు, కంబళిమీదను తల్పముమీదను పరాభవము పొందిన ఆ పండితులిద్దరి ఘట్టమును చూచి నవ్వని తెలుగువాడుండడు. కథకు వారు అవసరమా యని అడిగినచో, ఆవంతయు కాదు. వారు లేకున్నను శశిరేఖకు పెండ్లి జరుగును. కాని వారు లేని ఆ పెండ్లి మన ఊరి పెండ్లి కాజాలదు.

కృష్ణుని సారథియగు దారుకునిగ కనబడి, తన గొంతుతో పాడిన మాధవపెద్ది సత్యంగారిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఎస్.వి. రంగారావుగారు వివాహభోజనమును ఆరగించునపుడు వినబడు గళము కూడ ఆయనదే. తెరవెనుక పాడిన మనిషికి తెరమీద కూడ ఒక నిలువెడు చోటిచ్చిన సౌహార్దము ఆ నిర్మాతలది. ఇక సావిత్రిగారు శశిరేఖ రూపముననున్న ఘటోత్కచునిగ, రంగారావుగారి మీసము దువ్వుటను, కనుబొమ్మ లెగురవేయుటను, భుజములు విరుచుటను తన దేహమున నింపుకొని నటించిన తీరు వేరొక ప్రసంగమునకు తగిన విషయము. నాయిక యగు నటి తన సొగసును మరచి, వేరొక నటుని హావభావములకు తనను అప్పగించుకొనుట, పరస్పరము గౌరవము గల సమాజముననే సాధ్యమగును.

ఆకాశవాణి శ్రోతలకు ఈ విషయమున నేను క్రొత్తగ చెప్పవలసిన పని లేదు. ఒకప్పుడు మన కేంద్రములు సంక్షిప్త శబ్దచిత్రములను ప్రసారము చేయుచుండెడివి. మూడు గంటల సినిమాను కుదించి, బొమ్మ లేకుండ మాటను, పాటను, నేపథ్యధ్వనిని మాత్రమే వినిపించుచుండగ, ఇంటిల్లిపాది రేడియో చుట్టు మూగి వినెడివారు. అక్కడ కిరీటము లేదు, కత్తియుద్ధము లేదు, నాయిక సౌందర్యము లేదు. గొంతు ఒక్కటే సర్వస్వము. ఆ ప్రసారములు వినుచు పెరిగినవారికి సూర్యకాంతముగారు ఎవరో, రేలంగిగారు ఎవరో, సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు ఎవరో పేరు చెప్పకయే తెలియును. ఒక్క పిలుపుతో, ఒక్క దగ్గుతో, ఒక్క సాగదీతతో మనిషి యావత్తు చెవిలోనికి దిగివచ్చును. చిన్న వేషము బలమైనదా కాదా యని తేల్చుకొనుటకు నేటికిని నేను ఆ పద్ధతినే అవలంబించుచున్నాను. కన్నులు మూసికొని వినినచో ఎవరు ఎవరో తెలియునేని ఆ చిత్రమున మనుష్యులున్నారని అర్థము.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ యందు కథానాయకుడు తోటరాముని స్నేహితుడు అంజి. ఆ వేషము కట్టిన బాలకృష్ణగారిని జనులు తరువాత చిరకాలము అంజిగాడనియే పిలుచుకొనిరి. పెద్ద తారలకు బిరుదులు సభలలో ఇత్తురు. ఈయనకు మాత్రము ఆ చిత్రము చూచివచ్చిన జనులు నోటిమాటగ పేరు పెట్టిరి. ఆ చిత్రముననే తోటరాముని తల్లిగ కనబడిన వృద్ధురాలు సురభి కమలాబాయిగారు. ఆమె 1932లో విడుదలయిన మొట్టమొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి, అనగా తెలుగు తెరకు తొలి కథానాయిక. ఆ తొలి నాయిక పందొమ్మిదేండ్ల తరువాత ఒక తోటమాలి యింటి తల్లిగ, కొడుకు క్షేమము కొరకు తపించుచు వచ్చి నిలిచినపుడు, ఆ చిన్న వేషమునకు సురభి నాటకసమాజము యొక్క సంప్రదాయమంతయు వెన్నుదన్నుగ నిలిచినది. పరిచారికల వలెనో, ద్వారపాలకుల వలెనో వచ్చి పోయెడి పాత్రలను కూడ రంగస్థలమున పండినవారు ధరించుట వలన ఆనాటి చిత్రములందు అన్ని మూలలయందును దీపము వెలుగుచుండెను.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచు ఉదాహరణము ‘గుండమ్మ కథ’. 1962లో ఆ చిత్రము వచ్చునాటికి నందమూరి తారకరామారావుగారును, అక్కినేని నాగేశ్వరరావుగారును ఆంధ్రదేశమునకు ఇరువురు సార్వభౌములు. ఆ ఇద్దరును ఒకే చిత్రమున ఉన్నారు, సావిత్రి, జమునలు నాయికలుగ నున్నారు, ఎస్.వి. రంగారావుగారు పెద్దమనిషిగ నున్నారు. ఇందరుండగ విజయా సంస్థవారు చిత్రమునకు సూర్యకాంతముగారి పాత్ర పేరు పెట్టిరి. గయ్యాళి యగు ఒక సవతితల్లి పేరు! ఆ సాహసము ఈనాడు ఏ నిర్మాతకు కలుగును? ఊహించుటయే కష్టము.

గుండమ్మ పాత్రను కాస్త నిదానముగ పరిశీలించుడు. సవతి కూతురిచేత ఇంటెడు చాకిరి చేయించును; కన్నకూతురును గారాబము చేసి చెరుపును; ఇంతవరకు ఆమె మన కథలలోని సామాన్యమైన సవతితల్లియే. కాని సూర్యకాంతముగారు ఆ కాఠిన్యము క్రింద ఒక భయమును కనబడనిచ్చిరి. ఆస్తియు, కూతురును, కొడుకును తన చేతినుండి జారిపోవుదురేమో యను భయము అది. భర్తలేని స్త్రీ, ఊరివారి నోళ్ళను తన నోటితోనే అణచుకొనవలసిన స్త్రీ, తన అధికారమునకు తన గొంతు తప్ప వేరు ఆధారము లేని స్త్రీ. అందుచేతనే ఆమె గొంతు అంత పెద్దది. కథాంతమున, తన కంటె కఠినురాలి చేతిలో చిక్కి, తలుపు మూసిన గదిలో ఆమె దీనముగ కూర్చున్నపుడు, అంతవరకు ఆమెను తిట్టుకొన్న ప్రేక్షకులే అయ్యో పాపమని అనుకొందురు. ఈ జాలిని రచయిత మాటలచేత పుట్టించినది కొంత, నటి తన ముఖముచేత పుట్టించినది ఎక్కువ. సూర్యకాంతముగారు 1994లో కన్నుమూసిరి. ఆమెకు సమకాలికులైన నాయికలను గూర్చి వెలువడిన గ్రంథములతోను, వ్యాసములతోను పోల్చిన, ఆమె నటనను గూర్చి వెలువడిన విమర్శ స్వల్పమనియే చెప్పవలెను. ఆ లోపమును విశ్వవిద్యాలయములలోని నాటకశాఖలవారు తీర్చవలెనని నా మనవి.

ఆ కాలమున ఇది ఎట్లు సాధ్యమయ్యెను? నటులు నెలజీతముమీద ఒక సంస్థను ఆశ్రయించి యుండుట యొక కారణము. ఒకే ఆవరణలో దినదినము కలిసి తిరుగు వారికి ఎదుటివాని శక్తి ఏదో తెలియును. రచయితకు ఎవరి నోట ఏ మాట పలుకునో తెలియును. రెండవ కారణము, చిత్రీకరణకు ముందే కథ, మాటలు పూర్తిగ సిద్ధమగుట. కె.వి. రెడ్డిగారు సన్నివేశములను ముందుగ అభ్యాసము చేయించి, చేతిలో స్టాప్‌వాచి పట్టుకొని, ఏ సంభాషణము ఎన్ని క్షణములు నడచునో లెక్కగట్టిన పిమ్మటనే కెమెరా ముందుకు పోయెడివారని ప్రతీతి. ముడిఫిలిము ఖరీదైన వస్తువు; దానిని వృథా చేయకూడదను మితవ్యయము ఈ పద్ధతికి మూలము కావచ్చును. కాని దాని ఫలితము కళకు ఉపకరించినది. క్షణములను ముందుగ పంచిపెట్టు దర్శకుడు చిన్నవానికి రావలసిన క్షణములను కూడ ముందుగనే పంచిపెట్టును. చిత్రీకరణ జరుగుచుండగ నాయకుని ముచ్చటకై ఆ వాటాను లాగికొనుటకు వీలుండదు.

అట్లని పాతదంతయు బంగారమని నేను అనను. ఆ చిత్రములలో నత్తిని, నల్లని మేనును, స్థూలకాయమును హాస్యమునకు సాధనములుగ వాడుకొనిరి; పనివారు నవ్వించుటకు తప్ప నోరు విప్పని చిత్రములు కుప్పలుగ నున్నవి. పల్లె పేరు చెప్పి స్టూడియోలో వేసిన గుడిసెలలో, ఇస్త్రీ మడత నలగని పంచెలతో సేద్యము చేసిన రైతులను కూడ చూచితిమి. మంచి చిత్రములు కొన్నియే, ఏ కాలముననైనను. కాలము చెత్తను ఊడ్చి మేలైన వానిని మనకు మిగిల్చుటచే ఆ యుగమంతయు అట్లే యుండెనను భ్రాంతి కలుగుచున్నది.  

తరువాతి తరమువారిలో బాపు రమణలు, విశ్వనాథ్‌గారు, జంధ్యాలగారు ఈ విద్యను నిలబెట్టిరి. 1975 నాటి ‘ముత్యాల ముగ్గు’లో రావు గోపాలరావుగారి కంట్రాక్టరు, వెంట భజంత్రీలను పెట్టుకొని తిరుగు ఆ దుర్మార్గుడు, గోదావరి జిల్లాల నేలలోనుండి మొలిచిన మనిషి. 1980 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలయిన ‘శంకరాభరణము’ కథానాయకుడే ఒక విశేషము. రెవెన్యూ శాఖలో ఉద్యోగము చేయుచు, ‘కన్యాశుల్కము’ నాటకమున రామప్పపంతులుగ పేరొందిన జె.వి. సోమయాజులుగారికి శంకరశాస్త్రి పాత్ర నిచ్చిరి. ఆయన ఎదుట స్నేహితుడు మాధవయ్యగ అల్లు రామలింగయ్యగారిని నిలిపిరి. అంతవరకు నవ్వించుటకే పుట్టినాడనుకొన్న నటుడు, లోకమంతయు చేతులు కట్టుకొని నిలుచు విద్వాంసునితో చనువుగ మాటాడగల ఏకైక మిత్రుడైనాడు. శంకరశాస్త్రి గాంభీర్యము మనకు భరింపదగినదగుటకు మాధవయ్య ఆప్యాయతయే కారణము. జంధ్యాలగారి ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మిగారు సినిమా కథను పేర్లు పడుట మొదలుకొని వర్ణించు ఇల్లాలు, నాబోటి చిత్రాభిమానులందరికి ఆమె బంధువు. ‘అహ నా పెళ్ళంట’లో కోడిని పైన వ్రేలాడదీసి, దానిని చూచుచు వట్టి అన్నము తిను పిసినారి లక్ష్మీపతిని కోట శ్రీనివాసరావుగారు ధరించిరి. 2025 జులై నెలలో ఆయన మరణించినపుడు, తెలుగువారు మొట్టమొదట తలచుకొన్న వేషములలో ఆ లక్ష్మీపతి యొకడు.

1989లో ‘శివ’ వచ్చినది. రామ్‌గోపాల్ వర్మగారి ఆ చిత్రమున కెమెరా నడక, శబ్దయోజన తెలుగు సినిమాకు క్రొత్త విద్యలు నేర్పినవి. అందులో తనికెళ్ళ భరణిగారు మాటలు వ్రాయుటే కాక, నానాజీ యను చిన్న వేషమును అతి సహజముగ ధరించిరి. ఆ చిత్రమును అనుకరించినవారు మాత్రము నానాజీని చూడలేదు. సైకిలు గొలుసును చూచిరి. నాయకుడు ఒక్కడు, ఎదుట వందమంది. ఆ వందమందికి పేర్లు లేవు, ఇండ్లు లేవు, వారు గాలిలోనికి ఎగిరి నేలమీద పడుటకే జన్మించిరి. ఆ పిమ్మట చాలకాలము తెలుగు తెరమీద నాయకుడు పెరిగినకొలది తక్కినవారు క్షీణించిరి. తల్లి వంటయింటికి, చెల్లెలు పెండ్లికి, స్నేహితుడు నాయకుని పొగడ్తకు పరిమితమైరి.

రాజమౌళిగారి చిత్రములను గూర్చి చెప్పనిదే ఈ ప్రసంగము పూర్తి కాదు. ‘బాహుబలి’ మొదటి భాగము 2015 జులైలోను, రెండవది 2017 ఏప్రిల్‌లోను వచ్చినవి. ఆ నడుమ రెండేండ్లపాటు దేశమంతయు అడిగిన ప్రశ్న నాయకుని గూర్చినది కాదు, కట్టప్పను గూర్చినది. ఒక బానిస, తన చేతులతో పెంచిన వానిని ఏల చంపెను? ఆ ప్రశ్నను పుట్టించగలిగినందుకు ఆ కథకులను నేను మనసార ప్రశంసింతును. శివగామి పాత్రకు రమ్యకృష్ణగారు తెచ్చిన నిండుదనము ప్రాచీన చిత్రములలోని ఏ రాజమాతకును తీసిపోదు. ‘ఆర్ఆర్ఆర్’ విషయమున నా మనసు అంత తృప్తి చెందలేదు. కీవ్ నగరమున మరీయిన్‌స్కీ భవనము ఎదుట చిత్రించిన నృత్యము, 2023లో ఆ పాటకు లభించిన ఆస్కారు, కీరవాణి చంద్రబోసుగారల గౌరవము తెలుగువారందరికి పండుగయే. కాని గోండుబిడ్డ మల్లిని ఎత్తుకొనిపోవుటతో ఆరంభమైన ఆ కథలో, ఆ బిడ్డ తల్లిని గూర్చి, ఆ గూడెమువారిని గూర్చి మనకు తెలియునది అత్యల్పము. వారి దుఃఖము నాయకుల కోపమునకు నిప్పు అంటించుటకు ఉపయోగపడినది. అంతటితో దాని పని తీరినది. ‘మాయాబజార్’ నిడివియు మూడు గంటలకు మించినదే, ‘ఆర్ఆర్ఆర్’ నిడివియు మూడు గంటలకు మించినదే. కనుక తీరిక చాలలేదను సమాధానము చెల్లదు.

దీనికి ఒక బలవత్తరమైన కారణము నాకు తోచుచున్నది. నేటి భారీచిత్రము ఒకేమారు ఐదు భాషలలో విడుదల కావలెను. తెలుగులో తీసినది హిందీలోను, తమిళములోను, కన్నడములోను, మలయాళములోను పలుకవలెను. నాయకుని పరాక్రమము ఏ భాషలోనైనను పలుకును; ఏనుగునెక్కుటకు యాస అక్కరలేదు. కాని చిన్న మనిషి ప్రాణము యాసలో నున్నది. కాకినాడవాడు, కర్నూలువాడు, కరీంనగరువాడు ఒకే కోపమును మూడు తీరుల పలుకుదురు. ఆ తేడా పొరుగు భాషలోనికి పోదు గనుక, వ్యాపారదృష్టి గలవారు ముందుగ దానిని కత్తిరింతురు. ‘పుష్ప’ మొదటి భాగము ఈ విషయమున మెచ్చుకొనదగినది. చిత్తూరు మాటను వదలకయే అది దేశమంతట ఆడినది. తెలుగు నటునికి మొదటిమారుగ జాతీయ ఉత్తమనటుని పురస్కారము అల్లు అర్జున్‌గారి రూపమున లభించినది. ఆయన ప్రక్క నీడవలె తిరిగిన కేశవ అను అనుచరుడు లేనిచో పుష్పరాజు సగము మనిషియే.

పెద్ద చిత్రములు వదలిన విద్యను, చేతిలో పైకము లేని చిన్న చిత్రములు అందిపుచ్చుకొన్నవి. 2018లో వెంకటేశ్ మహాగారు తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ యందు ఎక్కువమంది వేషధారులు విశాఖపట్టణములోని ఆ పేట వారే. అంతకు ముందు కెమెరాను ఎరుగని వారు. నడివయసు దాటినను పెండ్లికాని అటెండరు రాజు, ఒడిస్సానుండి బదిలీపై వచ్చిన అధికారిణి రాధ, సారాకొట్టులో పనిచేయు గడ్డము, ముఖమునకు ముసుగు వేసికొని సీసా కొనుటకు వచ్చు సలీమా, వ్యాయామశాలలో పెరిగిన జోసెఫు, బడిలో పాట పాడు పిల్లలు. వీరిలో ఎవరు నాయకుడు? చిత్రము సగము గడచువరకు ఆ ప్రశ్నయే మనకు తోచదు. గడ్డము మొదటిమారు సలీమా కన్నులను మాత్రము చూచి ప్రేమించిన ఘట్టములు నాకు ఈ శతాబ్దమున తెలుగులో వచ్చిన శృంగారసన్నివేశము లన్నిటిలోను ఉత్తమమైనవి. ఆమె వృత్తి ఏమో తెలిసిన పిమ్మట అతడు చలింపడు. చిత్రము కూడ ఆ సంగతిని చాటి చెప్పి అతని గొప్పతనమును పొగడదు. వినాయకుని బొమ్మను గూర్చిన ఘట్టమున ఒక పేదకళాకారుని అవమానము ఎంత మౌనముగ చూపబడినదో చూచినవారికి తెలియును. ముగింపును మాత్రము చెప్పను, చూడనివారు చూడవలెను.

‘బలగం’ మరియొక మెట్టు పైకి పోయినది. 2023 మార్చిలో విడుదలయిన ఈ చిత్రమునకు దర్శకుడు వేణు యెల్దండిగారు. తెరమీద చిన్న హాస్యవేషములు వేయుచు పేరు తెచ్చుకొన్నవారు. చిన్న వేషముల మనిషి దర్శకుడైనచో కథలో ఎవరిని చూచునో దానికి ఈ చిత్రమే నిదర్శనము. కథ యెంత? తెలంగాణ పల్లెలో కొమురయ్య యను ముసలివాడు చనిపోవును. పిండము పెట్టినచో కాకి ముట్టదు. అంతియే. ఎందుకు ముట్టదను ప్రశ్న వెంట ఊరంతయు కదలును. ఏనాడో విందులో నల్లిబొక్క కొరకు బావమరదులు మాటామాటా అనుకొని, ఆ మాట పట్టింపై, ఏండ్ల తరబడి రాకపోకలు తెగిన సంగతి బయటపడును. నల్లిబొక్క కొరకు కుటుంబము చీలుటయా యని పట్టణవాసులు అనుకొనవచ్చును. కాని మన ఇండ్లలో తగవులు పుట్టినవి ఇంతకంటె పెద్ద కారణములకు కాదని ఎవరికి వారు ఎరుగుదురు. వడ్డనలో తనకు జరిగిన తక్కువ, పెండ్లిలో తనను పిలువని పిలుపు, ఇవియే మన కురుక్షేత్రములు.

ఆ చిత్రమున చావింటికి వచ్చిన వారిని చూడుడు. ఏడ్చువారు ఏడ్చుచుందురు, ఏడ్పు నడుమ లెక్కలు అడుగువారు అడుగుచుందురు, అరుగుమీద కూర్చున్న ఊరిపెద్దలు కాకినిగూర్చి శాస్త్రచర్చ చేయుదురు, చనిపోయిన కొమురయ్య కొద్ది నిమిషములే కనబడినను, ఆయన చేసిన పరిహాసములు చిత్రమంతట వినబడుచుండును. ప్రియదర్శిగారు నాయకుడే యైనను, తాత చావు తన పెండ్లికి అడ్డు వచ్చినదని విసుగుకొను అల్పుడైన యువకునిగ ఆరంభమై, అందరిలో ఒకడై మెలగును. తుదిఘట్టమున బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి చనిపోయినవాని పక్షమున పాడుదురు. ఆ కథాగానము ముగియునప్పటికి ప్రేక్షకాగారమున కంటతడి పెట్టని వారు అరుదు. వేయిరూకల కంఠాభరణము లేని, శిక్షణాలయము చూడని ఆ గొంతులు, తరతరములుగ చావిండ్ల వాకిట పాడుచు వచ్చిన గొంతులు, సినిమా అను యంత్రకళకు ఆ రోజున ఆశ్రయమిచ్చినవి. పల్లెలలో పంచాయతీల వారు ఆరుబయట తెరకట్టి ఆ చిత్రమును ఊరంతటికి చూపించిరి; చూచిన పిమ్మట విడిపోయిన అన్నదమ్ములు మాటలు కలిపికొన్నారని వార్తలు వచ్చినవి. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో దివంగతులైరి. ఆయన తెరమీద నిలిచిన కాలము స్వల్పము. తెలుగు సినిమా ఉన్నంత కాలము ఆ పాట నిలుచునని నా విశ్వాసము.

2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’ చిత్రమును కూడ ఈ వరుసలో చేర్చవలెను. అందులో మంగపతి యను పాత్రను శివాజీగారు ధరించిన తీరు, పరువు పేరిట కుటుంబమును భయముతో ఏలు పురుషుని స్వరూపమును మనకు దగ్గరనుండి చూపినది. ఆతడు కేకలు వేయునపుడు కంటె, భోజనపంక్తిలో నెమ్మదిగ మాటాడునపుడు ఎక్కువ భయము కలుగును. సూర్యకాంతముగారికి తెలిసిన విద్యయే అది, వేరొక రసమున.

కనుక ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’, ‘కేరాఫ్ కంచరపాలెం’, ‘బలగం’ నా దృష్టిలో ఒకే గోత్రమునకు చెందిన చిత్రములు. వాని నడుమ అరువదేండ్ల దూరము ఉండుగాక. నాయకుడు లేని సన్నివేశమున వెలవెలబోవు చిత్రములు, అవి నలుపు తెలుపులలో తీసినవైనను, వందలకోట్ల వ్యయముతో నిన్నటిదినమున వచ్చినవైనను, వేరొక గోత్రమునకు చెందినవి.

నిర్మాతలకు నాదొక విన్నపము. చిత్రము చివర నటుల పేర్లు వేయునప్పుడు వడివడిగ జరిపివేయక, ప్రతివారి పేరు ప్రక్కను వారు ధరించిన పాత్ర పేరు కూడ చదువుటకు వీలగునంత సేపు నిలుపుడు. టీకొట్టువాడు, కంపౌండరు, మూడవ సాక్షి, పెండ్లిలో వడ్డించిన ముసలమ్మ, వీరందరి పేర్లు తెలిసికొనవలెనని నాబోటివారికి ఎంతో కోరిక యున్నను, తెలిసికొను మార్గము లేక ఇంటికి మరలిపోవుచున్నాము. శ్రోతలకు నా మనవి యేమనగా, మీ ఊరిలో, మీ పేటలో, నాటకములయందో సినిమాలయందో చిన్న వేషములు వేసిన పెద్దలు ఎవరైన జీవించి యున్నచో, వారి యొద్దకు పోయి కూర్చుండి, వారు ఏయే చిత్రములలో ఏయే పాత్రలు ధరించిరో అడిగి, వ్రాసి, వారి గొంతును రికార్డు చేసి భద్రపరచుడు. ఆ పని ఈ నెలలోనే మొదలుపెట్టుడు.